గేమింగ్ మేళాలో టోర్నమెంట్ హాల్ కిటకిట, కెరీర్ హాల్ ఖాళీ. ఏం చేయాలి?

బ్రాకెట్_భాస్కర్
రెండేళ్లుగా మా కమ్యూనిటీ వాళ్లం కలిసి గేమింగ్ మేళా నడుపుతున్నాం. అందరం వాలంటీర్లమే. ఒక హాల్లో టోర్నమెంట్లు, పక్క హాల్లో గేమ్‌ల రంగంలో ఏయే పనులుంటాయో పిల్లలకు పరిచయం చేసే కెరీర్ కార్యక్రమం. కిందటిసారి ఒక సౌండ్ డిజైనర్‌ని బతిమాలి రప్పించాం. ఆయన మైకుతో పాటు ఒక ట్రేలో గులకరాళ్లు, ఇంకో ట్రేలో ఎండుటాకులు, ఒక జత పాత బూట్లు మోసుకొచ్చారు. గేమ్‌లో అడుగుల చప్పుడు ఎలా పుడుతుందో చేసి చూపిద్దామని. 80 కుర్చీలు వేశాం. కూర్చున్నది ఐదుగురు. అందులో ఇద్దరు మా వాలంటీర్లే. అదే సమయానికి పక్క హాల్లో సెమీఫైనల్, గోడ అవతల నుంచి ఒకటే కేకలు. ఆయన చిన్నబుచ్చుకోకుండా ఆ ఐదుగురికీ గంటసేపు చూపించి వెళ్లారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈసారి కెరీర్ హాల్ ఎత్తేసి ఆ జాగాలో ఇంకో పది సెటప్‌లు (ఆడటానికి ఒక తెర, ఒక కన్సోల్) వేద్దామని కమిటీలో సగం మంది పట్టుబడుతున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరెవరైనా ఇలాంటివి నడిపారా? వెళ్లారా? ఉన్నదున్నట్టు చెప్పండి.

కాంబో_కింగ్
ఎత్తేయండి. ఆడటానికి వచ్చినవాడిని కూర్చోబెట్టి క్లాసు చెప్తే ఎవడు వింటాడు?

నాన్న_నెం1
నేనొక పదో తరగతి కుర్రాడి తండ్రిని. ఆ కెరీర్ హాల్ లేకపోతే మావాణ్ణి నేను పంపనే పంపను. రెండు రోజులు గేమ్‌లు ఆడటానికి పంపుతున్నావా అని ఇంట్లో అడిగితే నా దగ్గర సమాధానం ఉండాలి కదా. ఎత్తేయమని చెప్పడం తేలికే, మాలాంటివాళ్ల సంగతి కూడా ఆలోచించండి.

లాగ్‌లేని_లక్ష్మి
భాస్కర్ గారూ, సెమీఫైనల్ టైములో ఆ కార్యక్రమం ఎందుకు పెట్టారు? అసలు తప్పు అక్కడే జరిగిందేమో.

బ్రాకెట్_భాస్కర్
కావాలని పెట్టలేదండీ. షెడ్యూల్ ప్రకారం సెమీస్ మధ్యాహ్నానికే అయిపోవాలి. రెండున్నర గంటలు ఆలస్యమైంది. ఒక సెటప్‌లో మానిటర్ పోయింది, ఇద్దరు ఆటగాళ్లు ఎక్కడున్నారో దొరకలేదు, మైకులో పిలిచి పిలిచి గొంతు పోయింది.

పూల్స్_పెద్దన్న
పదేళ్లుగా టోర్నమెంట్లు నడుపుతున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదవండి.

64 మందితో డబుల్ ఎలిమినేషన్ అనుకుందాం. ఎవరైనా రెండుసార్లు ఓడితేనే అవుట్. ఒక్కసారీ ఓడనివాళ్లు విన్నర్స్ బ్రాకెట్‌లో (మ్యాచ్‌ల పట్టికలో), ఒకసారి ఓడినవాళ్లు లూజర్స్ బ్రాకెట్‌లో ఆడతారు. 63 మంది రెండేసి సార్లు ఓడాలి కాబట్టి 126 మ్యాచ్‌లు, గ్రాండ్ ఫైనల్ రీసెట్ అయితే (అప్పటిదాకా ఓడనివాడు ఫైనల్లో ఓడి, ఇంకో మ్యాచ్ ఆడాల్సి వస్తే) 127. సెటప్‌లు ఎనిమిది. కుర్చీలో కూర్చుని, కంట్రోలర్ పెట్టుకుని, బటన్లు మార్చుకుని, బెస్ట్ ఆఫ్ త్రీ ఆడి లేచేసరికి మ్యాచ్‌కు సగటున 15 నిమిషాలు. లెక్క వేస్తే నాలుగు గంటలు. మీ షెడ్యూల్ కూడా ఇలాగే వేసి ఉంటారు. కానీ అది కుదరదు. విన్నర్స్ మొదటి రౌండ్‌లో ఓడినవాడు లూజర్స్ బ్రాకెట్‌లో పది రౌండ్లు గెలుచుకుంటూ వచ్చి ఫైనల్ ఆడితే మొత్తం 12 మ్యాచ్‌లు. అవి ఒకదాని తర్వాత ఒకటే జరగాలి. చివరి గంటల్లో ఎనిమిది సెటప్‌లలో ఆరు ఖాళీగా పడుంటాయి. ఇంకో పది సెటప్‌లు వేసినా ఆ సమయం ఒక్క నిమిషం తగ్గదు. మీ కమిటీకి ముందు ఈ మాట చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇదే బ్రాకెట్‌లో మొదటి గంటన్నర, రెండు గంటల్లో 16 మంది వరసగా రెండు మ్యాచ్‌లు ఓడి అవుటైపోతారు. రెండున్నర గంటలు దాటేసరికి సరిగ్గా సగం, 32 మంది, ఖాళీ. వాళ్లలో చాలామంది ఏడాదంతా ప్రాక్టీస్ చేసి, బస్సులు మారి వచ్చినవాళ్లు. ఇంకా రోజంతా ముందుంది, చేతిలో పనేం లేదు. వాళ్లను ఎవరూ పట్టించుకోరు. నా టోర్నమెంట్లలో నేనూ పట్టించుకోలేదు. మీ కెరీర్ హాల్‌కి రావాల్సిన మనుషులు వాళ్లే. ఆలోచించి చూడండి.

కాంబో_కింగ్
పెద్దన్నా, నువ్వు చెప్పింది చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా. రెండు మేళాల్లో నేను ఆ 16 మందిలో ఒకణ్ణి. రెండోసారైతే ఫ్రెండ్స్ ఇంకా ఆడుతున్నారని ఇంటికి వెళ్లలేక ఆరు గంటలు మెట్ల మీద ఫోన్ చూస్తూ కూర్చున్నా. ఓడిన బాధలో ఉన్నా కూడా, ఎవరైనా వచ్చి “తమ్ముడూ, ఇటు రా, ఇది చూడు” అని ఉంటే కచ్చితంగా వెళ్లేవాణ్ణి.

మౌనశ్రోత
ఆ మెట్లు నాకూ తెలుసు బ్రో.

లాగ్‌లేని_లక్ష్మి
అయితే కెరీర్ హాల్ బోర్డు ఆ మెట్ల మీదే పెట్టాలి :)

టెస్టర్_తులసి
పిలిస్తే వస్తారు సరే, వచ్చాక ఏం చూపిస్తారన్నది ముఖ్యం. కుర్చీలు వేసి ఉపన్యాసం పెడితే మళ్లీ మెట్ల దగ్గరికే పోతారు.

నేను గేమ్ టెస్టింగ్‌లో పని చేస్తాను. ఒక మేళాలో మేం ఉపన్యాసం మానేసి ఒక టేబుల్ పెట్టాం. చిన్న స్టూడియో వాళ్ల దగ్గర ఇంకా పూర్తికాని గేమ్ ఒకటి తీసుకుని రెండు కంప్యూటర్లలో పెట్టాం. దాన్ని ఆడి పాడు చేయాలి. బగ్ దొరికితే కాగితం మీద రాసివ్వాలి. అంతే పని.

పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడు పావుగంట ఆడి “హీరో గోడలో ఇరుక్కుంటున్నాడు” అని రాసిచ్చాడు. ఏ గోడ అని అడిగాను. వంతెన పక్కది. నడుస్తూ వెళ్తేనా, దూకితేనా? దూకితే. ఎటు నుంచి? తెలీదు. మళ్లీ వెళ్లి చూశాడు, ఎడమ నుంచి. పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు అవుతోంది? మళ్లీ వెళ్లాడు. ఏడుసార్లు. ఆ మిగతా మూడుసార్లు ఎందుకు అవడం లేదు? ఇక్కడ వాడి మొహం మారిపోయింది. అరగంట కదల్లేదు. చివరికి కనిపెట్టాడు. కత్తి తీసి చేత్తో పట్టుకుని దూకితేనే ఇరుక్కుంటున్నాడు, ఒరలో ఉంటే ఇరుక్కోవడం లేదు. అదంతా వరసగా రాయించాను: ఏ బిల్డ్ (గేమ్ ఏ వెర్షన్), ఏం చేస్తే జరుగుతుంది, ఏం జరగాలి, ఏం జరుగుతోంది, పదిలో ఎన్నిసార్లు. మా ఆఫీసులో మేం రోజూ రాసే రిపోర్టు అదే. “నువ్వు ఇప్పుడు చేసింది నా ఉద్యోగం” అని చెప్తే నమ్మలేదు. ఆ రోజు ఆ టేబుల్ ముందు క్యూ తగ్గలేదు.

నాన్న_నెం1
తులసి గారూ, ఇది చదువుతుంటే ఒళ్లు పులకరించింది. మావాడు గేమ్‌లో బగ్ కనిపించినప్పుడల్లా నన్ను పిలిచి చూపిస్తాడు. ఇన్నాళ్లూ విసుక్కున్నాను.

నిజం_నిష్ఠూరం
అందరూ ఉత్సాహంగా ఉన్నారు. ఇలా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, కానీ చెప్పాలి. పిల్లలకు ఏ ఆశ పెడుతున్నారో చూసుకోండి. 2023, 2024లో ప్రపంచవ్యాప్తంగా గేమ్ కంపెనీలు వేలమందిని తీసేశాయి. వాళ్లలో పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లున్నారు. టెస్టర్ల ఉద్యోగాలు చాలాచోట్ల కాంట్రాక్టువే. ఇక ప్రో ప్లేయర్ అవుతానంటారా, డోటా 2 అనే గేమ్‌కి జరిగే పెద్ద పోటీ ‘ది ఇంటర్నేషనల్’ 2024లో ఆడింది 16 జట్లు, జట్టుకు ఐదుగురు. మొత్తం ప్రపంచంలో 80 మంది. “ఆడు, ఉద్యోగం వస్తుంది” అన్న బోర్డు పెట్టే హాల్ కంటే ఖాళీ హాలే నయం.

టెస్టర్_తులసి
కాంట్రాక్టు మాట నిజమే. నేనూ మూడేళ్లు కాంట్రాక్టులోనే చేశాను. ఆ అబ్బాయికి కూడా అది దాచకుండా చెప్పాను. కాకపోతే ఖాళీ హాలే నయం అన్నదాన్ని మాత్రం ఒప్పుకోను. ఒక విషయాన్ని విడమరిచి, ఎదుటివాడు మళ్లీ చేసి చూసుకునేలా రాయడం ఏ పనిలోకి వెళ్లినా పనికొస్తుంది.

కట్‌సీన్_కావ్య
నేను నిష్ఠూరం గారి వైపే, సగం వరకు. 3డీ ఆర్టిస్ట్‌ని. కెరీర్ హాళ్లలో నాకు కోపం తెప్పించేది ఒకటుంది: పెద్ద తెర మీద మెరిసే వీడియో వేసి “ప్యాషన్ ఉంటే చాలు” అనడం. ఆ వీడియోలో ఒక పాత్ర భుజం ఎత్తితే చంక దగ్గర చర్మం నలిగిపోకుండా ఉండటానికి రిగ్గింగ్ చేసేవాళ్లు (పాత్ర కదలడానికి లోపల ఎముకల్లాంటివి అమర్చేవాళ్లు) ఎన్ని రోజులు కూర్చుంటారో ఎవరూ చూపించరు. అది చూపించండి. బోరుకొట్టేదీ చూపించండి. అది చూశాక కూడా కళ్లు మెరిసే పిల్లలు ఉంటారు, నేను చూశాను.

పోర్ట్‌ఫోలియో (పిల్లలు తాము చేసిన బొమ్మల సంపుటి) చూసే టేబుల్ పెడితే ఒక్కొక్కరికి కనీసం 15 నిమిషాలు ఇవ్వండి. ఐదు నిమిషాల్లో “బాగుంది, ఇంకా ప్రాక్టీస్ చెయ్” తప్ప ఏమీ చెప్పలేం. ఇరవై బొమ్మల్లో మూడు ఉంచి మిగతావి తీసెయ్యమని చెప్పడానికీ, అవే ఎందుకో వివరించడానికీ టైము కావాలి.

ఇంకో మాట. నేను పోటీలో పేరు ఇవ్వడానికి వెళ్తే “ఎవరితో వచ్చారు, తమ్ముడు ఆడుతున్నాడా?” అని అడిగారు. నేను ఆడటానికే వచ్చానని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి. ట్యాగ్ (ఆటలో వాడే పేరు) అడగండి, గేమ్ అడగండి, అంతే.

లాగ్‌లేని_లక్ష్మి
కావ్యా, నాకూ అదే అనుభవం. అచ్చంగా అదే ప్రశ్న.

బ్రాకెట్_భాస్కర్
మా దగ్గర కూడా ఇలా జరిగి ఉండొచ్చు, మాకు తెలియకుండా. రాసుకున్నాను కావ్య గారూ.

పాత_ఆర్కేడ్
పోటీ వేరు, పని నేర్చుకోవడం వేరు అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ ఇవి మొదటి నుంచీ ఒకే గదిలో పెరిగాయి. 1972 అక్టోబర్‌లో స్టాన్‌ఫర్డ్‌లో స్పేస్‌వార్ గేమ్‌కి పోటీ పెట్టారు. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది కంప్యూటర్లతో పని చేసేవాళ్లూ విద్యార్థులే. పెద్ద పెద్దవన్నీ కూడా మీలాగే మొదలయ్యాయి. 1988లో గేమ్ డెవలపర్ల సదస్సు గేమ్ డిజైనర్ క్రిస్ క్రాఫర్డ్ ఇంటి హాల్లో జరిగింది, వచ్చింది ముప్పై మంది లోపే. ఇప్పుడు అదే జీడీసీ (గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్). స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ అనే గేమింగ్ మేళా 1994లో ఒక బడిలో కుర్రాళ్లు కంప్యూటర్లు మోసుకొచ్చి పెట్టుకున్నదే. ఫైటింగ్ గేమ్‌ల టోర్నమెంట్ ఈవో 1996లో 40 మందితో మొదలైంది.

కౌంటర్-స్ట్రైక్ సంగతి పిల్లలకు చెప్పండి. 1999లో అది హాఫ్-లైఫ్ అనే గేమ్ మీద మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు చేసిన మాడ్, అంటే ఉన్న గేమ్‌ని మార్చి చేసిన కొత్త రూపం. మిన్ లీ అప్పటికి ఇంకా కాలేజీలో చదువుతున్నాడు. మరుసటి ఏడాది వాల్వ్ కంపెనీ ఆ గేమ్‌నీ తీసుకుంది, వాళ్లనీ తీసుకుంది. ఆట మీద ఇష్టంతో దాన్ని విప్పి చూసినవాళ్లే తర్వాత తయారుచేసేవాళ్లయ్యారు.

నిజం_నిష్ఠూరం
పాత_ఆర్కేడ్ గారూ, ఆ ఇద్దరి పేర్లు మనకు తెలుసు. అదే ఏడాది మాడ్‌లు చేసి ఎక్కడికీ చేరనివాళ్ల పేర్లు తెలియవు.

పాత_ఆర్కేడ్
నిజమే. కాదనను. కానీ విప్పి చూసినంతవరకు వాళ్లు నేర్చుకున్నది వాళ్లతోనే ఉంటుంది కదా.

కెమెరా_కన్ను
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కటి మాత్రం ఎవరూ అనలేదు. భాస్కర్ అన్నా, మీ టోర్నమెంట్ హాలే మీ కెరీర్ హాల్. గోడ తీసేయండి.

నేను టోర్నమెంట్లకు అబ్జర్వర్‌ని. అంటే ఆడను, కామెంటరీ చెప్పను. పదిమంది ఆడుతుంటే తెర మీద ఎవరిని చూపించాలో ఎంచేవాణ్ణి. కాల్పులు మొదలయ్యాక అటు తిప్పితే ఆలస్యమైపోతుంది. మ్యాప్‌లో ఇద్దరు ఒకే మూలకి రెండు వైపుల నుంచి వెళ్తున్నారని రెండు మూడు సెకన్ల ముందే పసిగట్టి ఆ మనిషి మీద ఉండాలి. గేమ్ బాగా తెలిసినవాడే చేయగలడు. ఈ పని ఒకటుందని నాకు ఏ కెరీర్ హాల్లోనూ ఎవరూ చెప్పలేదు. ఒక మేళాలో పెందలాడే ఓడిపోయి స్ట్రీమ్ డెస్క్ వెనక నిలబడి చూస్తుంటే, అక్కడున్న అక్క లేచి “పది నిమిషాలు నువ్వు తిప్పు, నేను నీళ్లు తాగొస్తా” అంది. తిరిగొచ్చాక కూడా మౌస్ అడగలేదు. నా పక్కన కూర్చుని “ఇప్పుడు బాంబ్ దగ్గరికి వెళ్లు, ఇప్పుడు రాడార్ చూడు” అని మ్యాచ్ మొత్తం చెప్పింది.

టోర్నమెంట్ నడవాలంటే బ్రాకెట్ చూసేవాళ్లు, రిఫరీలు, కామెంటేటర్లు, ఓబీఎస్‌లో (లైవ్ ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్‌లో) సీన్లు మార్చేవాళ్లు, ఆడియో మిక్స్ చేసేవాళ్లు, నెట్‌వర్క్ కేబుళ్లు లాగేవాళ్లు కావాలి. వీళ్లంతా అక్కడే, అదే సమయంలో నిజంగా పని చేస్తున్నారు. ప్రతి ఒక్కరి పక్కన ఇంకో కుర్చీ వేయండి. ఓడినవాళ్లను అరగంట చొప్పున ఆ కుర్చీల్లో కూర్చోబెట్టండి. అప్పుడు సెమీఫైనల్ మీకు పోటీ కాదు, సెమీఫైనలే పాఠం.

కాంబో_కింగ్
ఈ పక్క కుర్చీ ఐడియా అదిరింది. నాకు కామెంటరీ కుర్చీ కావాలి.

పూల్స్_పెద్దన్న
కెమెరా_కన్ను చెప్పింది బాగుంది. ఒక జాగ్రత్త: టాప్ 8 (చివరి ఎనిమిది మంది ఆట) మొదలయ్యాక బ్రాకెట్ డెస్క్ పక్కన కొత్తవాళ్లు వద్దు. అప్పుడు టెన్షన్ మామూలుగా ఉండదు, నేర్పించే ఓపిక మాకుండదు. పూల్స్, అంటే ఆటగాళ్లను చిన్న గుంపులుగా విడదీసి ఆడించే మొదటి రౌండ్లు, నడిచేటప్పుడు పెట్టండి. స్కోరు ఎంట్రీ వాళ్లతోనే చేయించవచ్చు.

కట్‌సీన్_కావ్య
ఒప్పుకుంటాను కానీ గోడ మొత్తం తీసేస్తే నా పని ఎలా చూపించను? మోడలింగ్, సౌండ్, కోడ్, కథ రాయడం, వీటికి నిశ్శబ్దం కావాలి. ఆ సౌండ్ డిజైనర్ గారి బూట్ల చప్పుడు ఆ కేకల్లో ఎవరికి వినపడుతుంది?

కెమెరా_కన్ను
అవును అక్కా, అది నేను ఆలోచించలేదు. నిశ్శబ్దం కావాల్సినవి పక్క గదిలో, మిగతావి ఇక్కడ.

లాగ్‌లేని_లక్ష్మి
హార్డ్‌వేర్ టేబుల్ ఒకటి పెట్టండి, నేను వస్తాను. చాలా గేమ్‌లు సెకనుకు 60 ఫ్రేములు నడుస్తాయి, ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ వేయకపోతే బటన్ నొక్కింది తెర మీద కనబడటానికి 50 మిల్లీసెకన్లు అదనంగా పడిందనుకోండి, మూడు ఫ్రేములు పోయినట్టే. రెండు తెరలు పక్కపక్కన పెట్టి పిల్లల చేతికి కంట్రోలర్ ఇస్తే వాళ్లకే తెలిసిపోతుంది.

వైర్‌లెస్ కంట్రోలర్ల సంగతి కూడా చూసుకోండి. మా దగ్గర క్వార్టర్ ఫైనల్లో మూడో గేమ్, ఇద్దరికీ చివరి రౌండ్. ఉన్నట్టుండి తెర ఆగిపోయింది. గంట క్రితం అదే సెటప్ మీద ఆడి వెళ్లినవాడి కంట్రోలర్ ఇంకా ఆ కన్సోల్‌కి పెయిర్ అయి ఉంది. వాడి బ్యాగులో బటన్ నొక్కుకుపోయి కనెక్ట్ అయింది. ఆ సమయానికి ఒక అమ్మాయి కాంబో (ఆపకుండా వేసే వరస దెబ్బలు) మధ్యలో ఉంది. రౌండ్ మళ్లీ ఆడించారు, ఓడిపోయింది. తనేం అనలేదు, కంట్రోలర్‌కి వైరు చుట్టుకుంటూ ఉండిపోయింది. ప్రతి మ్యాచ్ తర్వాత పెయిరింగ్ తీసేయాలి. అది చూడటానికే ఒక మనిషి ఉండాలి.

మౌనశ్రోత
మా తమ్ముడు ఒక చేత్తోనే ఆడతాడు. వైకల్యం ఉన్నవాళ్ల కోసం 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వాడతాడు. మేళాలకు వెళ్తే “ఇది రూల్స్‌లో ఉందా” అని అక్కడికక్కడ చర్చ మొదలవుతుంది. వాడు పక్కన నిలబడి వింటుంటాడు. రూల్స్‌లో ముందే ఒక లైను రాసేయండి.

పూల్స్_పెద్దన్న
నా రూల్స్‌లో కూడా లేదు. ఇవాళే చేరుస్తాను. తమ్ముడిని తీసుకురండి.

అన్నట్టు భాస్కర్, ఏ గేమ్ పెట్టినా ఆ కంపెనీ టోర్నమెంట్ నిబంధనలు చదివారా? ఒక్కొక్కరివి ఒక్కో రకం. నింటెండో 2023లో ప్రకటించినవాటిలో, విడిగా లైసెన్సు లేకుండా నడిపే కమ్యూనిటీ పోటీకి నేరుగా వచ్చి ఆడేవాళ్లు 200 మంది దాటకూడదు, స్పాన్సర్లు ఉండకూడదు అని ఉంది. మీ కెరీర్ హాల్లో కంపెనీల స్టాళ్లు ఏమైనా పెడితే అవి స్పాన్సర్ కిందికి వస్తాయో రావో ముందే రాసి అడగండి.

బ్రాకెట్_భాస్కర్
ఇది మాకు తట్టనే లేదు. రేపే మెయిల్ పెడతాను.

నాన్న_నెం1
తల్లిదండ్రులకు కూడా ఒక కుర్చీ వేయండి. గేటు దగ్గర దించేసి వెళ్లిపోతే మాకేం తెలుస్తుంది? తులసి గారి టేబుల్ దగ్గర మావాడి పక్కన నేనూ కూర్చుంటాను.

నిజం_నిష్ఠూరం
పొద్దున్నుంచి మీ అందరికీ అడ్డు చెప్తున్నాను. నేను ఎనిమిదేళ్లు ఒక స్టూడియోలో గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గా చేశాను. ఆ తీసేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు వేరే రంగంలో పని చేస్తున్నాను, బాగానే ఉన్నాను. ఆ ఎనిమిదేళ్లు వృథా అనుకోవడం లేదు. నాలాంటివాణ్ణి కూడా ఆ పక్క గదిలో కూర్చోబెడతారంటే వస్తాను. పిల్లలు ఏది అడిగితే అది, ఉన్నదున్నట్టు చెప్తాను.

టెస్టర్_తులసి
రండి. నా టేబుల్ పక్కదే మీది.

బ్రాకెట్_భాస్కర్
కమిటీకి ఇప్పుడే కొత్త ప్లాన్ పంపాను. పూల్స్ మొదలైన రెండు గంటలకు పక్క గది తెరుస్తాం, టాప్ 8కి అరగంట ముందు మూసేస్తాం. రెండోసారి ఓడినవాళ్ల స్కోరు ఎంట్రీ చేసేటప్పుడే బ్రాకెట్ డెస్క్ వాళ్లు చేతిలో ఒక కార్డు పెడతారు: కామెంటరీ, కెమెరా, బ్రాకెట్, బగ్ టేబుల్, ఆర్ట్, సౌండ్, ఏ కుర్చీ కావాలో ఎంచుకోవచ్చు. నిష్ఠూరం గారి బల్లకి ‘ఏదైనా అడగండి’ అని బోర్డు. సౌండ్ డిజైనర్ గారికి ఫోన్ చేశాను. కిందటిసారి జరిగినదానికి క్షమించమన్నాను. “ఈసారి బూట్లు రెండు జతలు తెస్తాను, ఒక జత పిల్లలు తొడుక్కుని నడవడానికి” అన్నారు.

పెయిరింగ్ చూసే మనిషి ఇంకా దొరకలేదు. రెండు రోజులూ ఉండాలి.

కాంబో_కింగ్
నేను ఆడేది మొదటి రోజే. రెండో రోజంతా పెయిరింగ్ నాది. మొదటి రోజు పెందలాడే అవుటైతే అప్పటి నుంచే.

లాగ్‌లేని_లక్ష్మి
మొదటి రోజు నేను చూస్తాను. యూఎస్‌బీ కేబుళ్లు ఎన్ని ఉంటే అన్నీ తీసుకురండి, ఎన్ని తెచ్చినా చాలవు.